కబురు బురుజు

ఆదివారం పూట ఆ కోట చూడ్డానికి పోయే పిల్లలంతా ఉత్తరం మిట్ట మీది బురుజు దగ్గర నిలబడి ఫోటోలు దిగుతారు. మీరూ దిగే ఉంటారు. దాని పక్కన నీలం రంగు బోర్డు ఒకటుంది. "కబురు బురుజు. సుల్తానుల కాలంలో ఇక్కడి నుండి మంటలు వేసి పొరుగు కోటలకు వార్తలు పంపేవారు" అని దాని మీద తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఉంటుంది. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. నాకెలా తెలుసంటారా? ఆ అబద్ధాన్ని పుట్టించి, పేరు పెట్టి, సంతకం చేసినవాణ్ణి నేనే.

పాత కట్టడాలను కొలిచి పటాలు గీయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. ఏ ఆఫీసో చెప్పను, ఆ ఊరి పేరు కూడా చెప్పను. చెబితే ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్ళకు తలనొప్పి. నాకైతే పోయేదేమీ లేదు, పోవాల్సింది ఎప్పుడో పోయింది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. రిటైర్మెంటు సన్మానం రోజున శాలువా కప్పి నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఈ మాట ఒక్కటి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

ముదిగుబ్బ దాటి కదిరి పోయే దారిలో ఒకచోట బస్సు దిగి, వేరుశనగ చేల నడుమ మట్టిదారిన లోపలికి పోతే వస్తుంది ఆ కోట. కోట అంటే గుట్ట మీది నాలుగు గోడలు కాదు, ఒక పట్నం. రెండు వరుసల ప్రహరీ. రెండు మలుపులు తిరిగితే గానీ లోపలి ఊరు కనపడనివ్వని దర్వాజా. పైకప్పు లేని మసీదు, ఇరుపక్కలా అరుగులు మాత్రం మిగిలిన బజారు వీధి, చదరంగా రాతితో కట్టిన నీళ్ళ తొట్టి. ఆ తొట్టిని హవుజు అంటారు. దాని లోతు కొలవడానికి నాకు తాడు అవసరం రాలేదు, చెప్పులేసుకుని అడుక్కి నడిచిపోయాను. ఒకప్పుడు వేలమంది బతికిన ఆ పట్నంలో నేను పోయేనాటికి పదిళ్ళున్నాయి. మనుషుల కంటే మేకలే ఎక్కువ.

మా పెద్దసారు వానలు పడేలోగా పటం పూర్తి చేయమన్నాడు. మా జిల్లాలో వానలు పడేలోగా అంటే నీ ఇష్టం వచ్చినప్పుడు చేసుకో అని అర్థం. కానీ ఆయన తేదీ వేసి మరీ ఇచ్చాడు. నేనూ, నా చైన్‌మనూ దిగాం. కొలత టేపు అవతలి కొస పట్టుకుని నడిచేవాణ్ణి చైన్‌మన్ అంటారు. ఆయనది బత్తలపల్లె పక్క పల్లె. అన్నదమ్ములందరూ ధర్మవరంలో మగ్గాల మీద ఉంటే, ఈయన మాత్రం మగ్గం గుంటలో కూర్చుంటే ఊపిరాడలేదని ఎండలోకి వచ్చినవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా నన్ను "అన్నా" అనేవాడు. మా సీమలో ఆ మాటకు వయసుతో పనిలేదు. ఎవడైనా వాడికి నచ్చితే అన్నా, నచ్చకపోతే సార్.

మూడు వారాలు కొలిచాం. గర్వంగానే చెబుతున్నాను, చాలా బాగా కొలిచాం. కూలిన ప్రతి గోడకూ ఆ కొస నుంచి ఈ కొసదాకా టేపు పట్టాం. ఇక మిగిలింది ఒక్క ఉత్తరం మిట్ట. ప్రహరీ బయట, దర్వాజా నుంచి నడిస్తే పావుగంట. మిట్టమధ్యాహ్నం. చెంబులో నీళ్ళు అయిపోయాయి. నా తల నొప్పితో పగిలిపోతోంది.

దర్వాజా నీడలో ఒక ముసలామె మేకలను పడుకోబెట్టుకుని కూర్చుని ఉంది. ఆ పదిళ్ళలో ఒక ఇల్లు ఆమెది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. రోజూ మమ్మల్ని చూస్తూనే ఉంది కాబట్టి చొరవగానే పలకరించింది.

"ఇంగా యాడికి సారూ, ఇంత ఎండలో?"

"ఆ మిట్టొకటి మిగిలిందవ్వా. దానిమింద ఏమన్నా ఉండాదా?"

"ఉండాయి సారూ. ఆడ మావోళ్ళ కబుర్లుండాయి. పాతవీ కొత్తవీ శానా ఉండాయి."

నేను నవ్వాను. "కబుర్లకు మాకు టైమేడిదవ్వా? పనిమీదుండాం."

ఆమె నన్ను వింతగా చూసింది. "టైమేంది సారూ? ఒగపొద్దు అందురమూ ఆడికి పోవాల్సినోళ్ళమే గదా" అంది.

ముసలామెకు ఎండకు మతి పోయిందనుకున్నాను. మతి పోయింది ఎవరికో తర్వాత తెలిసింది.

దర్వాజా దగ్గర నుంచే దుర్భిణిలో మిట్ట వైపు చూశాను. కొన్ని రాళ్ళు గుంపుగా ఉన్నాయి, వాటి మీద అక్కడక్కడ తెల్లగా సున్నం. అంతే, నా బుర్ర పరుగెత్తింది. ఎత్తైన చోటు. సున్నపు పూత ఉన్న రాళ్ళు. ఊరివాళ్ళు నేటికీ అక్కడ కబుర్లున్నాయంటున్నారు. ఇంకేం కావాలి? వార్తలు పంపే బురుజు! నాకు తెలివి కాస్త ఎక్కువ. నా రోగమల్లా అదే.

"అన్నా, పోయొచ్చేద్దాం పా. ఎంతసేపు?" అన్నాడు చైన్‌మన్, టేపు భుజాన వేసుకుని.

"వద్దులేప్పా. చుక్కలతో పెట్టేస్తాలే" అన్నాను.

చుక్కల సంగతి మీకు చెప్పాలి. మా పనిలో గట్టి గీత గీస్తే అక్కడ నిలబడి కొలిచామని అర్థం. చుక్కల గీత పెడితే కొలవలేదు, ఊహ మాత్రమే అని అర్థం. అది సోమరితనమే కావచ్చు గానీ దొంగతనం కాదు. కాబట్టి మిట్ట మీద చుక్కలతో ఒక గుండ్రం పెట్టి, ఆ సాయంత్రం మూటాముల్లే సర్దుకుని వచ్చేశాం.

ఆఫీసులో పటాన్ని సిరాతో ఎక్కిస్తుంటే పెద్దసారు వచ్చి భుజం మీదుగా చూశాడు.

"ఏమప్పా, ఇంత బాగా గీసి ఈడ చుక్కలేంది? చూసేవోళ్ళకు అనుమానమొస్తాది. కలుపు."

కలిపాను. ఎంతసేపు పట్టింది? ఒక బీడీ తాగినంతసేపు. పక్కన "కబురు బురుజు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కింద వివరణలో "సున్నపు పూత ఆనవాళ్ళు గలవు. స్థానికులు నేటికీ దీనిని కబుర్ల చోటుగా చెప్పుకొందురు" అని కూడా చేర్చాను. ఆ పటాన్ని పైవాళ్ళు మెచ్చుకున్నారు. అద్దం కట్టించి మా ఆఫీసు గోడకు తగిలించారు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగేవాళ్ళు, నేను ఏదో పని ఉన్నట్టు అటే తచ్చాడేవాణ్ణి. నా మొత్తం ఉద్యోగంలో నలుగురూ బాగుందన్న పని అదొక్కటే మరి.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. కోటను చూడవచ్చేవాళ్ళ కోసం బాగుచేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కార్లు నిలుపుకోవడానికి చోటు, నడవడానికి బాట, పాడైన కట్టడాల మరమ్మతు. ఆ జాబితాలో మొదటిది ఏమిటో చెప్పక్కర్లేదు. పటంలో అంత ముచ్చటగా ఉన్నది, పైగా పేరున్నది, చూడవచ్చినవాళ్ళు ఎక్కి నిలబడగలిగినది. కబురు బురుజును తిరిగి కట్టాలని రాశారు.

చోటు గుర్తు పెట్టడానికి పెద్దసారు, నేను, చైన్‌మన్ జీపులో పోయాం. పెద్దసారు కింద వేపచెట్టు నీడలో జీపు బానెట్ మీద నా పటం పరుచుకుని నిలబడ్డాడు. మేమిద్దరం మేకులూ సుత్తీ తీసుకుని మిట్ట ఎక్కాం. కొలిచానని సంతకం పెట్టిన చోటికి నేను ఎక్కడం అదే మొదటిసారి.

ఎక్కి చూద్దును కదా, బురుజు లేదు, దాని తాత లేడు. మనిషి పొడవున పేర్చిన రాళ్ళ వరసలు. ఒక్కోదానికి తల వైపు ఒక నిలువు రాయి. కొన్ని భూమిలోకి కుంగిపోయి ఉన్నాయి, కొన్నింటి మీద మట్టి ఇంకా గుల్లగానే ఉంది. కొన్నింటికి సున్నం పూసి ఉంది. అన్నీ ఉత్తరం, దక్షిణంగానే ఉన్నాయి. నా చేతిలో కంపాసు ఉంది. సూది కూడా అదే వరసలో నిలబడింది.

"అన్నా, ఇవి గోరీలన్నా" అన్నాడు చైన్‌మన్ మెల్లగా.

మేకల్ని తోలుకుంటూ ఆ ముసలామె అప్పటికే ఎక్కి వచ్చింది. నడుం వంగిపోయింది గానీ నన్ను ఇట్టే గుర్తుపట్టింది.

"ఏం సారూ, ఆపొద్దే చెప్తి గదా, ఈడ ఖబర్లుండాయని" అంది.

ఈసారి ఆ మాట సరిగా వినిపించింది. మనం గోరీ అనేదాన్ని, సమాధి అనేదాన్ని ఆమె ఇంట్లో ఖబర్ అంటారు. తెలుగువాడితో మాట్లాడుతున్నాను కదా అని దానికి ఒక "లు" తగిలించింది పాపం. నా చెవి దాని ఒత్తు తీసేసి కబుర్లు చేసుకుంది. సున్నం సంగతీ ఆమే చెప్పింది. ఏటా షబేబరాత్ పండక్కి పోయినవాళ్ళను తలుచుకుని వాటికి సున్నం కొట్టేది ఆమేనట. నేను సుల్తానుల కాలానికి అంటగట్టిన పూత ఆ సంవత్సరం ఆమె చేత్తో పూసిందే.

ఒక రాయి దగ్గర కూర్చుని చేత్తో దాని మీది దుమ్ము తుడిచింది. "ఇది మా ఇంటాయనది. కరువు పనికి పోయి, ఎండదెబ్బ తగిలి సచ్చిపాయ. ఇదో, ఈ పక్కన నాలుగు రాళ్ళు పెట్టుకున్యా సూడు, ఇది నా జాగా. నేనే పెట్టుకుంటి. ఎవురూ ఆక్రమించుకోకుండా." నవ్వింది. మళ్ళీ నవ్వాపి, "బురుజేందో కడ్తారంట గదా సారూ? యాడన్నా కట్టుకోండి, ఇంత బయలుండాది. దీన్ని ఇడిసిపెట్టండి" అంది.

"సారుతో చెప్తానవ్వా. నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను. మిట్ట దిగే దారి పొడుగునా చెప్పాలనే అనుకున్నాను.

"ఏమైందప్పా? మేకులు కొట్టకుండానే వస్తాండారు?" అన్నాడు పెద్దసారు.

"ఆడ గోరీల మాదిరి ఏవో ఉండాయి సార్."

ఆయన పటం మీద వేలు పెట్టాడు. నేను గట్టిగా కలిపిన గుండ్రం మీద. చుక్కలు కలపమన్నది ఆయనే, ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తున్నా నేను ఆయన్ను అనగలిగేదేమీ లేదు. చేయి నాది.

"గోరీలా? నీ పటంలో బురుజు గదా ఉండేది. గీత కూడా గట్టిగా గీసినావు. ఒగ మాట చెప్పు నాకు. ఆపొద్దు నువ్వు ఆ మిట్ట ఎక్కినావా, లేదా?"

లేదు అంటే సరిపోయేది. ఏం చేసేవాళ్ళు? మహా అయితే ఒక మెమో. ఉరి తీయరు కదా! కానీ ఆ ఒక్క మూల తప్పని తేలితే, మూడు వారాలు ఎండలో మాడి కొలిచిన మిగతా పటమంతా అనుమానంలో పడుతుంది. గోడ మీది అద్దం దించేస్తారు. దాన్ని దించుతుంటే గుమాస్తాలు చూస్తారు. నమ్మండి, ఆ క్షణాన నాకు కనబడ్డది ఆ ముసలామె కాదు, గోడ మీద మిగిలే మేకు.

"ఎక్కినాను సార్" అన్నాను.

"బురుజేనా?"

"బురుజే సార్."

"మరి ఆ రాళ్ళేంది?"

"కూలిన బురుజు రాళ్ళే సార్. ఊర్లోవాళ్ళు ఈ మధ్య అట్ల పేర్చుకున్యారు."

ఈ ఆఖరి మాట నన్నెవరూ అడగలేదు. నేనే నా సొంత తెలివితో చేర్చాను. కంచె చేను మేయడం అంటే ఇదే. పాతవాటిని కాపాడమని జీతమిచ్చి పెట్టుకున్నవాణ్ణి, మేసేశాను.

తల తిప్పితే ఆమె వెనకాలే ఉంది. మేకల్ని వదిలేసి మా వెంట దిగి వచ్చిందని నేను చూసుకోలేదు. పెద్దసారుతో ఒక్క మాట మాట్లాడలేదు. నా మొహంలోకి చూసి అంది:

"ఇన్ని ఏండ్లు నా మాట నీకు అర్థం గాలేదనుకుంటి సారూ. ఇప్పుడు అర్థమయ్యే ఉండాది గదా."

అంతే అంది. మేకల కోసం మళ్ళీ మిట్ట ఎక్కింది.

చైన్‌మన్ టేపు చుట్టి జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. మేకులు ఆయన కొట్టలేదు, నేనే పోయి కొట్టి వచ్చాను. ముదిగుబ్బలో టీ కోసం ఆగాం. "టీ తాగుతావాప్పా?" అన్నాను. "వద్దు సార్" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ స్నేహంలో ఆయన నన్ను సార్ అనడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యే దాకా ఇంకోలా పిలవలేదు.

ఆమె రెండుసార్లు బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. మొదటిసారి పెద్దసారు అర్జీ రాసివ్వమన్నాడు. ఎవరి చేతనో రాయించుకుని రెండోసారి తెచ్చింది. నేను భోజనానికి పోయానని చెప్పించి వెనక గదిలో కూర్చున్నాను. తలుపు సందులోంచి ఆమె చెప్పులు కనబడ్డాయి. ఒకదాని వారు తెగితే గుడ్డపేలికతో కట్టుకుంది. గంటసేపు ఉండి పోయింది. ఆ పదిళ్ళవాళ్ళ దగ్గర ఏముంది? పట్టా లేదు, రాతకోత లేదు, తాతలు చెప్పిన నోటిమాట తప్ప. ఆ మిట్ట గురించి ప్రపంచంలో ఉన్న కాగితమల్లా నేను గీసినదే. అర్జీ మీద "పటం ప్రకారం సమాధులు లేవు" అని రాసి మూసేశారు. రాసిన చేతివ్రాత ఎవరిదని అడగకండి.

బురుజు లేచింది. గుండ్రంగా, నేను పటంలో గీసిన కొలతకే. రాయి బయటినుంచి తేవాల్సిన పని లేకపోయింది, చోటు మీదే దొరికింది.

రిటైరయ్యాక ఆరేళ్ళు అటువైపు పోలేదు. మొన్నటి చలికాలంలో బంధువుల పెళ్ళికి కదిరి పోయి, తిరుగు దారిలో కాళ్ళు అటే లాగాయి. ఆటో దిగగానే గైడు ఒకాయన, నలభై దాటినవాడు, వెంటపడ్డాడు. నేనెవరో ఆయనకు తెలియదు. నన్ను మిట్ట ఎక్కించి, బురుజు మీద నిలబెట్టి, చేతులు చాచి చెప్పాడు.

"ఈడ మంటేస్తే ఆ కొండ మిందికి కనపడేది సార్. ఆడోళ్ళు మళ్ళీ మంటేస్తే ఇంగో కోటకు. గంటలో నాలుగు దిక్కులకూ కబురు పోయేది. ఆ కాలమోళ్ళ తెలివి సూడండి సార్!"

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాను.

"బోర్డులో ఉండాది గదా సార్. గవర్మెంటోళ్ళు కొలిచి మరీ రాసినారు."

మేకల అవ్వ సంగతి అడిగాను. "ఆ యవ్వా? రెండేండ్లాయ సార్ సచ్చిపోయి. కదిరిలో కూతురింట్లో పోయింది. ఈడికే తీసకరమ్మని శానా మొత్తుకున్యాదంట. ఈడ జాగా యాడుండాది? ఆడనే పెట్టినారు." కింద కార్లు నిలిపిన చోటు చూస్తూ ఆ మాట మామూలుగా అనేసి, నన్ను ఫోటో తీస్తానని ఫోను అడిగాడు.

నేను బురుజు గోడ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాను. నా వేళ్ళ కింద ఒక రాతి పగుల్లో తెల్లగా ఉంది. గోటితో గీరితే పొడి రాలింది. సిమెంటు కాదు, సున్నం. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడే కూర్చుని ఏడ్చాను. గైడు ఎండదెబ్బ అనుకుని నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆఫీసుకు అర్జీ రాశాను. అది బురుజు కాదు, సమాధుల చోటు, పటం తప్పు, ఆ తప్పు నాది, బోర్డు మార్చండి అని. సాక్షి సంతకం కోసం బత్తలపల్లె పోయాను. చైన్‌మన్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు మసకబారాయి. కాగితం చదివి వినిపించాను.

"ఆపొద్దు నన్నెవురూ అడగలేదు సార్. అడిగింటే చెప్పేవాణ్ణి. అడక్కుండా చెప్పాల్సింది. నేనూ చెప్పలేదు" అన్నాడు. పెన్ను అందుకుని, ఎక్కడ పెట్టాలో నా వేలితో చూపించమని, సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. అదే రోజు ఆయనే ఫోను చేశాడు.

"కబురేమన్నా వచ్చెనా సార్?"

వచ్చిందని చదివాను. అర్జీ పరిశీలించడమైనది. రికార్డుల్లోని పటం ప్రకారం సదరు స్థలంలో సమాధులు ఉన్నట్లు ఆధారము లేదు. సదరు పటము స్థలాన్ని స్వయంగా ఎక్కి, కొలిచి తయారుచేసినదిగా రికార్డులో ఉన్నది. కావున బోర్డు మార్చుటకు వీలుపడదు.

"ఎక్కి కొలిచినాడంటనా? ఎవురంట?" అన్నాడు.

కాగితంలో పేరు కూడా రాశారు. ఉద్యోగం హోదాతో సహా, తప్పులేకుండా రాశారు.

"నేనేనప్పా" అన్నాను.